గాదె ఖాళీ చేయడం

ప్రపంచంలో అతి మొండి కలుపు మొక్కలేవో వరుస పెట్టి చెప్పిన పుస్తకం ఒకటుంది. లీరాయ్ హోమ్ అనే అమెరికా శాస్త్రవేత్త, ఆయన సహచరులు కలిసి 1977లో తెచ్చారు. అందులో మొదటి స్థానం తుంగది. రెండోది గరికది. మూడోది ఊద. ఎనిమిదో స్థానంలో గుర్రపుడెక్క. ఏలూరు పక్కనున్న మా వట్లూరులో పెరడున్న ఎవరికైనా ఈ వరుసలో తెలియని పేరు ఉండదు. తుంగ, గరిక ఇంటి వెనక మడిలోనే ఉంటాయి. ఊద వరిచేలో ఉంటుంది. గుర్రపుడెక్క మురుగు కాలువలో ఉంటుంది.

ఈ సంగతి మొదట్లోనే చెప్పడానికి కారణం ఉంది. కలుపు తీసి తీసి విసిగిపోయి, "మా చేతికి మొక్క బతకదండీ" అని పెరడంతా సిమెంటు చేయించేసుకున్నవాళ్ళు మన చుట్టూ చాలామంది ఉన్నారు. అలాంటి ఇంటి ముందు నుంచి వెళ్తే నాకు నిజంగా బాధేస్తుంది. వాళ్ళ చేతిలో ఏ లోపమూ లేదు. వాళ్ళు తలపడింది భూమ్మీద రైతులందరినీ ఏడిపించిన మొక్కలతో. ఆ మాట వాళ్ళకెవరూ చెప్పలేదు, అంతే.

పైగా మన నేల వాటికి బాగా నచ్చిన నేల. ఏలూరుకు ఉత్తరాన మెట్ట, దక్షిణాన కొల్లేటి పల్లం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి కాలువ ఒక వైపు నుంచి, కృష్ణ కాలువ ఇంకో వైపు నుంచి వచ్చి ఏలూరులో కలిశాయి. అప్పటి నుంచి ఈ చుట్టుపక్కల నేల ఏడాదిలో ఎక్కువ కాలం తడిగానే ఉంటోంది. తడి, ఎండ, ఒండ్రు మూడూ ఉన్నచోట వంకాయ ఎంత బాగా కాస్తుందో తుంగ కూడా అంత బాగా పెరుగుతుంది. నేల మంచిది కాబట్టే కలుపు ఎక్కువ.

ఇక అసలు విషయం. మొండి కలుపు ప్రతిదానికీ ఒక గాదె ఉంటుంది. పంట చేతికొచ్చినప్పుడు మన పెద్దలు గాదెలో ధాన్యం నింపి, పంట పోయిన ఏడు దాన్ని తీసుకుని తిన్నట్టు, ఈ మొక్కలు ఎండలో చేసుకున్న తిండిని ఎక్కడో ఒకచోట దాచుకుంటాయి. మీరు పైన కోసినప్పుడల్లా గాదె నుంచి తీసి మళ్ళీ ఆకు వేస్తాయి. తుంగకు ఆ గాదె భూమిలోని గడ్డ. గరికకు కణుపు. వయ్యారిభామకు విత్తనం. మూడింటినీ ఒకే పారతో ఒకే రోజు ఒకే రకంగా చెక్కితే ఏ గాదే ఖాళీ కాదు. గాదె ఎక్కడుందో తెలుసుకుని, అది మళ్ళీ నిండకుండా చూడటమే ఈ అధ్యాయంలో పని అంతా.

సంక్రాంతి ముందో, ఇంట్లో పెళ్ళి ముందో ఇద్దరు కూలీలను పెట్టి దొడ్డంతా నున్నగా చెక్కించడం మనకు అలవాటు. ఆ సాయంత్రం చూస్తే కళ్ళు చల్లబడతాయి. మూడు వారాలకి మునుపటికన్నా ఒత్తుగా మొలుస్తుంది. ఎందుకలా అవుతుందో తుంగను చూస్తే తెలుస్తుంది.

ఒక్క తుంగ మొక్కను వేళ్ళతో సహా జాగ్రత్తగా తవ్వి చూడండి. ఆకుల కింద ఒక చిన్న దుంప, దాని నుంచి సన్నని తీగ, తీగ చివర నల్లటి గడ్డ, ఆ గడ్డ నుంచి ఇంకో తీగ, ఇంకో గడ్డ. ఇలా గొలుసుగా సాగుతుంది. అనుకూలమైన నేలలో ఒక్క గడ్డ మూడు నెలల్లో వందకు దగ్గరగా గడ్డలు పెట్టగలదు. ఎక్కువ గడ్డలు పైనున్న జానెడు మట్టిలోనే ఉంటాయి, కొన్ని ఇంకా కిందికి దిగుతాయి. ప్రతి గడ్డ మీదా చాలా మొగ్గలుంటాయి గానీ అన్నీ ఒకేసారి లేవవు. గొలుసు తెగకుండా ఉన్నంతకాలం ముందున్న గడ్డే మొలుస్తూ, వెనకవాటిని నిద్రలో ఉంచుతుంది. పార వేటుకి గొలుసు తెగగానే ఆ అదుపు పోతుంది. ఒక్క మొక్క ఉన్నచోట నాలుగు మొలకలు లేస్తాయి. చెక్కించిన మూడు వారాలకి దొడ్డి పచ్చబడటానికి కారణం ఇదే. పవర్ వీడరు పెట్టి దున్నించినా జరిగేది ఇదే, ఇంకా పెద్ద ఎత్తున. గడ్డలు ముక్కలై దొడ్డి నాలుగు మూలలకీ చేరతాయి.

చేలల్లో ఏళ్ళ తరబడి కలుపు తీసిన పెద్దావిడ ఒకామె మా మడిని చూసి అన్న మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు: "తుంగని పీకకూడదండీ, తవ్వాలండీ. చేతిలోకి గడ్డ రాకపోతే ఆ పని చెయ్యనట్టేనండీ." కాబట్టి తుంగకు పార పక్కన పెట్టి గునపం పట్టుకోండి. మొక్క పక్కన జానెడు లోతు దించి, మట్టిని పైకెత్తి, వేళ్ళతో విడదీసి గడ్డ తీయండి. తడి ఆరీ ఆరకుండా ఉన్న మట్టిలో ఇది సుళువు. బురదలో చేస్తే గడ్డ మట్టిలోనే ఉండిపోతుంది, గట్టి నేలలో చేస్తే తీగ తెగిపోతుంది.

దొడ్డంతా ఇలా ఎవరు తవ్వగలరు? తవ్వక్కర్లేదు. మంచం పట్టేంత చోటు ఒక్కటి ఎంచుకోండి. నాలుగు మూలలా పుల్లలు పాతండి. ఈ ఏడాది మీ బాధ్యత ఆ చోటే. మిగతా దొడ్డిలో తుంగను నేల మట్టానికి కోస్తూ, పూత రాకుండా చూస్తే చాలు. దొడ్డంతా ఒకేసారి మొదలుపెట్టినవాళ్ళు రెండో నెలలోనే మానేస్తారు. ఒక్క మడి గెలిచినవాళ్ళకి రెండో మడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఎప్పుడెప్పుడు తవ్వాలి? మొలక పైకొచ్చాక మూడు నుంచి ఆరు వారాల్లో కొత్త గడ్డలు వేయడం మొదలవుతుంది. అంతకుముందు ఆ మొలక గాదె నుంచి తింటూనే ఉంటుంది, తిరిగి దాచుకోవడం మొదలుపెట్టదు. కాబట్టి పదిహేను రోజులకోసారి తీస్తూ పోతే గాదెలోంచి బయటికి పోవడమే గానీ లోపలికి రావడం ఉండదు. పదిహేను రోజులు గుర్తుపెట్టుకోవడం కష్టం అంటారా, మన గోడ క్యాలెండరులో ఏకాదశి అచ్చు వేసి ఉంటుంది. ఏకాదశి ఏకాదశికీ అరగంట చాలు. ఉపవాసం ఉన్నా లేకపోయినా ఆ రోజు మడి దగ్గర కూర్చోండి. పాల లెక్క రాసే ఆ క్యాలెండరు మీదే, ఈసారి పుల్లల మధ్య ఎన్ని మొలకలు తీశారో అంకె వేసుకోండి.

ఆ అంకె విషయంలో ఒక హెచ్చరిక. మొదటి రెండు మూడు నెలలూ అంకె పెరగవచ్చు. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. "తీసేకొద్దీ ఎక్కువవుతోంది" అని గునపం అవతల పారేస్తారు. నిజానికి అప్పుడే పని ఫలిస్తోంది. గొలుసు తెగి, నిద్రలో ఉన్న మొగ్గలన్నీ లేస్తున్నాయి. లేచిన ప్రతి మొలకా గాదెలోంచి ఇంత తీసి ఖర్చు పెట్టాల్సిందే. గడ్డలోని మొగ్గలు పరిమితం, దాచుకున్న తిండి పరిమితం. కొత్త తిండి చేరకపోతే అది ఒకరోజు అయిపోక తప్పదు. పెరిగిన అంకెను ఓటమిగా చదవకండి. ఎర్ర పెన్నుతో రాసుకుని మళ్ళీ ఏకాదశికి రండి. అంకె తగ్గడం మొదలయ్యాక ఆకులు సన్నబడతాయి, రంగు పాలిపోతుంది, అప్పుడు మీ కంటికే తెలుస్తుంది. పూర్తిగా శుభ్రపడటానికి రెండు మూడేళ్ళు పట్టొచ్చు. ఒక్క నెలలో పోతుందని చెప్పేవాళ్ళని నమ్మకండి, నన్ను అలా చెప్పమని అడగకండి.

వేసవిలో మాత్రం మనకో గొప్ప అవకాశం వస్తుంది. తుంగ గడ్డ వరదకు తట్టుకుంటుంది, కోతకు తట్టుకుంటుంది, ఎండుదలకు తట్టుకోదు. పైకి తీసి మే నెల ఎండలో పడేస్తే రెండు వారాల్లో ఎండి చచ్చిపోతుంది. కాబట్టి ఏప్రిల్ చివర్లో ఆ మడికి నీళ్ళు పూర్తిగా ఆపేయండి. జానెడు లోతు తిరగేసి, పెళ్ళలు అలాగే వదిలేయండి. వారానికోసారి కిందిది పైకీ పైది కిందికీ తిప్పుతూ ఉండండి. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ కాస్తుందని మన సామెత. ఆ పదిహేను రోజులూ ఏ మందూ చేయలేని పని ఎండ చేస్తుంది. మృగశిర వాన పడకముందే పైన కనిపించిన గడ్డలన్నీ ఏరేయండి. వాన పడితే సగం ఎండినవి కూడా మళ్ళీ ప్రాణం పోసుకుంటాయి.

తీసిన గడ్డలను ఎరువుల గుంటలో వేయకండి. మూడు నెలల తర్వాత ఆ ఎరువుతో పాటు దొడ్డంతా మీరే చల్లినవాళ్ళవుతారు. డాబా మీద పరిచి కరకరలాడేదాకా ఎండనివ్వండి. వానాకాలమైతే నల్ల ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి సిమెంటు గచ్చు మీద ఎండ తగిలేచోట ఉంచండి. బాగా ఎండిన తుంగముస్తలను మన అమ్మమ్మలు సున్నిపిండిలో కలిపేవారు. ఆ వాసన ఇప్పటికీ నాకు ఇష్టం. శుభ్రమైన చోట తవ్వినవైతే మీరూ కలుపుకోవచ్చు.

తుంగకు రెండో బలహీనత నీడ. నీడలో అది గడ్డలు సరిగా పెట్టలేదు. అందుకే శుభ్రం చేసిన మడిని ఒక్క వారం కూడా ఖాళీగా ఉంచకండి. తొలకరికి జనుమో జీలుగో ఒత్తుగా చల్లితే నెలన్నరలో నడుమెత్తు పెరిగి నేలకు వెలుగు తగలనివ్వవు. పూతకు రాగానే కోసి అక్కడే మట్టిలో కలిపేయండి. కూర కావాలంటే బొబ్బర్లు, చిలగడదుంప తీగ వేయండి. రెండూ నేలను కప్పేస్తాయి. వరి కోతలయ్యాక పిల్లిపెసర చల్లడం మన డెల్టా రైతులకు కొత్త కాదు, దొడ్డికీ అదే పనికొస్తుంది. మల్చింగ్ షీటు మీద ఆశ పెట్టుకోకండి. పలచని నల్ల షీటును తుంగ మొలక సూదిలా పొడుచుకుని పైకొస్తుంది. దానికన్నా విప్పిన అట్టపెట్టెలు రెండు మూడు పొరలు పరిచి, తడిపి, పైన బెత్తెడు మందాన ఎండుగడ్డి వేస్తే మేలు. తాడేపల్లిగూడెం, ఏలూరు చుట్టూ రైసు మిల్లులకు కొదవ లేదు, ఊక దొరకడం కష్టం కాదు. కొబ్బరి డొక్కలు ప్రతి ఇంట్లో ఉంటాయి. మీ దగ్గర ఏది ఊరికే పడి ఉంటే అదే వాడండి.

గరిక గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వినాయకుడికి ప్రీతి అని మనం చేయెత్తి దండం పెట్టే మొక్క, గట్టు తెగకుండా మట్టిని పట్టుకునే మొక్క. గట్టు మీద, కాలిబాట మీద దాన్ని ఉండనివ్వండి. మడిలోకి వస్తే మాత్రం ఒక్క కణుపు మిగిలినా మళ్ళీ అల్లుకుంటుంది కాబట్టి, ముక్కలు చేయకుండా తీగ మొదలు పట్టుకుని పొడవుగా లాగి తీయండి. తీసినది పశువుకు వేయండి. మడి చుట్టూ అడుగు లోతు సన్నటి కాలవ తీసి ఉంచితే తీగ దాటి రావడానికి ప్రయత్నించినప్పుడల్లా కనిపిస్తుంది.

ఇప్పుడు వయ్యారిభామ. దీని సంగతి పూర్తిగా వేరు. తుంగ, గరిక ఈ నేలలో తరతరాలుగా ఉన్నవి. వయ్యారిభామ అమెరికా ఖండాల ఉష్ణ ప్రాంతాల మొక్క. మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది 1955-56 ప్రాంతంలో, పూణెలో. దిగుమతి ధాన్యంతో వచ్చిందని నమ్మకం. అక్కడి నుంచి రైలు కట్టల వెంట, లారీల వెంట, ఎరువుల బండ్ల వెంట దేశమంతా పాకింది. దానికి గడ్డ లేదు, కణుపు వేళ్ళు లేవు, వేరుతో పీకితే చక్కగా వచ్చేస్తుంది. దాని గాదె మొత్తం విత్తనమే. ఒక్క మొక్క పదివేలకు పైగా విత్తనాలు రాలుస్తుంది. మొలిచిన నెల, నెలన్నరకే తెల్లటి చిన్న పూలు పూస్తుంది. తడి తగిలితే ఏడాదిలో ఎప్పుడైనా మొలుస్తుంది.

కాబట్టి దీని విషయంలో ఒకే ఒక్క నియమం: పూతకు ముందు. ఆకులు నేలకు అంటుకుని గుండ్రంగా పరుచుకుని ఉన్నప్పుడే, వాన పడి నేల మెత్తబడ్డ మర్నాడు వేరుతో పీకేయండి. ఆ దశలో అది మంచి పచ్చిరొట్ట, ఎరువుల గుంటలో వేసుకోవచ్చు. పూత వచ్చాక పీకితే పుప్పొడి ఒంటి మీద పడుతుంది, విత్తనం దారి పొడవునా రాలుతుంది. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ, నిండు చేతుల చొక్కా లేకుండా దాన్ని ముట్టుకోకండి. కొందరికి మొదట్లో ఏమీ కాదు, కొన్నాళ్ళకు చర్మం మీద దద్దుర్లు లేస్తాయి, కళ్ళు ఉబ్బుతాయి, ఆయాసం వస్తుంది. ఒకసారి పడకపోవడం మొదలైతే ఆ మనిషిని ఇక ఎప్పటికీ కలుపు పనికి పెట్టకూడదు. కూలికి వచ్చినవాళ్ళకి కూడా తొడుగులు మీరే కొనివ్వండి. వాళ్ళు అడగరు, అడగలేదని వదిలేయడం న్యాయం కాదు. ఇంకో మాట, దీని ఆకు చూడటానికి మాచిపత్రిలా ఉంటుంది. వినాయక చవితికి పత్రి కోసేటప్పుడు పిల్లలకు ఈ తేడా చూపించి పంపండి.

వర్షాకాలంలో వయ్యారిభామ ఆకుల మీద గోధుమరంగు చారలున్న చిన్న పెంకు పురుగులు కనిపిస్తే చంపకండి. అవి మెక్సికో నుంచి తెప్పించి, పరీక్షించి, 1984లో బెంగళూరులో వదిలిన పురుగుల సంతతి. ఈ ఆకును తిని బతుకుతాయి. పూర్తిగా నాశనం చేయలేకపోయినా చాలా మొక్కలను పూతకు రాకుండా ఆపుతాయి.

విత్తనంతో వ్యవహారం అంటే ఓపికతో వ్యవహారం. అమెరికాలో మిషిగన్‌లో విలియం బీల్ అనే ఆచార్యుడు 1879లో కలుపు విత్తనాలను ఇసుకతో కలిపి ఇరవై సీసాల్లో నింపి భూమిలో పాతిపెట్టాడు. కొన్నేళ్ళకొకటి తవ్వి తీసి, ఏవి మొలుస్తాయో చూడాలని. ఆయన తర్వాత వచ్చిన శాస్త్రవేత్తలు ఆ పని కొనసాగిస్తున్నారు. 2021లో తీసిన సీసాలో కూడా కొన్ని గింజలు మొలిచాయి. అన్ని కలుపులూ అంతకాలం బతకవు, చాలావరకు పై పొరలో పడినవి కొన్నేళ్ళలో మొలవడమో చావడమో జరుగుతుంది. కానీ లోతుగా తవ్వి తిరగేసిన ప్రతిసారీ కింద నిద్రపోతున్నవాటిని మీరు వెలుగులోకి తెస్తున్నారని గుర్తుంచుకోండి. తుంగకు లోతు తవ్వకం మందు. విత్తనాల కలుపుకు అదే ఆహ్వానం. ఏ చోట ఏది ఎక్కువో చూసుకుని పని చేయమని చెప్పేది ఇందుకే.

విత్తనాల మడికి ఎండే ఇంకో సాయం చేస్తుంది. మే నెలలో మడిని చదును చేసి బాగా తడిపి, పారదర్శకమైన పలచని ప్లాస్టిక్ కవరు నేలకు ఆనేలా పరిచి అంచులు మట్టిలో పూడ్చేయండి. నాలుగు నుంచి ఆరు వారాలు కదపకండి. లోపల వేడికి పై పొరలోని విత్తనాలు ఉడికిపోతాయి. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త జాకోవ్ కటాన్, ఆయన బృందం 1976లో లోకానికి చూపించిన పద్ధతి ఇది. అంత ఎండ మనకి ఊరికే దొరుకుతోంది. కవరు తీశాక మళ్ళీ లోతుగా తవ్వకుండా నారు నాటుకోండి. తుంగకు మాత్రం ఇది పెద్దగా పనిచేయదు.

ఇంతా చేసి తలుపు తీసి పెట్టుకుంటే లాభం లేదు. మన వైపు దొడ్లలోకి కలుపు వచ్చే మొదటి దారి మెరక మట్టి. పల్లపు స్థలం కొన్నవాళ్ళు ట్రాక్టర్లతో మట్టి తోలించి మెరక చేస్తారు. ఆ మట్టి ఏ చెరువు గట్టుదో, ఏ కాలువ పూడికదో ఎవరూ అడగరు. అడగండి. తోలేముందు వెళ్ళి ఆ చోటు చూడండి. అక్కడ తుంగ పచ్చగా ఉంటే పై అడుగు మట్టి వద్దని చెప్పండి. రెండో దారి నర్సరీ సంచి. మొక్క బాగుందని కడియం నుంచి తెచ్చుకుంటాం, సంచి మట్టిలో రెండు తుంగ గడ్డలుంటాయి. తెచ్చిన మొక్కను వెంటనే నాటకుండా రెండు వారాలు గచ్చు మీద పెట్టి, పక్కన ఏం మొలుస్తుందో చూసి, తీసేసి, అప్పుడు నాటండి. మూడో దారి మాగని పెంట. పశువు పొట్టలోంచి కూడా గింజ చెక్కుచెదరకుండా వస్తుంది. కుప్ప లోపల చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, తిరగేసి, మళ్ళీ వేడెక్కిన ఎరువే వాడండి.

నాలుగో దారి మన కంటికి నచ్చిన పువ్వు. గుర్రపుడెక్కను అమెజాన్ నుంచి ప్రపంచమంతా మోసుకెళ్ళింది దాని ఊదారంగు పూల అందం చూసిన మనుషులే. 19వ శతాబ్దం చివర బెంగాలు చేరింది. ఇప్పుడు కొల్లేటిలో పడవ కదలనివ్వదు. అనుకూలమైన నీటిలో రెండు వారాల్లో రెట్టింపవుతుంది, దాని గింజ బురదలో ఇరవై ఏళ్ళ దాకా మొలవగలదు. లంటానా కూడా పూలతోట మొక్కగా వచ్చిందే. ఈ రోజు నర్సరీలో పచ్చిక బదులు వేసుకోమని ఇచ్చే పసుపు పూల వెడీలియా తీగ కూడా ఆ కోవదే. ఈ మూడూ అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ప్రకటించిన వంద చెడ్డ చొరబాటు జాతుల జాబితాలో ఉన్నాయి. ఇంటి ముందు తొట్టిలో గుర్రపుడెక్క పెంచుకునేవాళ్ళు, విసుగొచ్చినప్పుడు దాన్ని కాలువలో వేయకండి. ఎండలో చచ్చేదాకా ఆరబెట్టండి. ఎండిన గుర్రపుడెక్క మొక్కల మొదట్లో కప్పడానికి చాలా బాగుంటుంది. ఊరి మురుగులో పెరిగినది మాత్రం కూరగాయలకు వద్దు, ఆ నీటిలోని భారలోహాలను అది వేళ్ళలో పట్టి ఉంచుకుంటుంది.

గడ్డి మందు సంగతి చెప్పకుండా ఈ అధ్యాయం ముగించలేను. ఇంటి దొడ్డికి అది వద్దని నా గట్టి అభిప్రాయం. గ్లైఫోసేటును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప వాడకూడదని 2022 అక్టోబరులో కేంద్ర వ్యవసాయ శాఖ ఉత్తర్వు ఇచ్చింది. పారాక్వాట్ కొద్దిగా లోపలికి పోయినా ప్రాణం తీస్తుంది, దానికి విరుగుడు లేదు. దాన్ని కూల్‌డ్రింకు సీసాలో పోసి గూట్లో పెట్టడం కన్నా ప్రమాదం ఇంకోటి లేదు, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. 2,4-డి వెడల్పాకు మొక్కల మందు. పక్క మడిలో కొడితే గాలికి మీ టమాటా, వంగ ఆకులు మెలిక తిరిగిపోతాయి. ఉప్పు చల్లితే వయ్యారిభామ చస్తుందన్నది నిజమే, నేల కూడా చస్తుంది. గచ్చు పలకల సందుల్లో మొలిచిన వాటి మీద అన్నం వార్చిన మరుగుతున్న గంజి పోయండి, అది చాలు.

మందు వద్దనడానికి ఇంకొక కారణం కూడా ఉంది. ఈ వాన నీరు, ఈ మురుగు నీరు చివరికి పోయేది కొల్లేటికే. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా ప్రకటించిన సరస్సు అది. మనం దొడ్లో ఏది పోసినా అది ఆటపాక గూడబాతులు చేపలు పట్టే నీళ్ళ వైపే నడుస్తుంది.

తీసేముందు ఒక్క క్షణం ఏది తీస్తున్నారో చూడండి. గంగపాయల, పొన్నగంటి, చిలక తోటకూర మడిలో మొలిస్తే అవి ఈ పూట పప్పులోకి. ఉత్తరేణి చవితి పత్రిలోకి. వీటిని ఒక మూల ఉండనిస్తే నేల ఖాళీగా ఉండదు, తుంగకు వెలుగు అందదు. ఏ మొక్కో తేల్చుకోలేకపోతే ఫోటో తీసి, తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం వాళ్ళనో, ఉండి కృషి విజ్ఞాన కేంద్రం వాళ్ళనో అడగండి. అడగడానికి మొహమాటపడకండి, వాళ్ళున్నది అందుకే.

చివరిగా పక్క ఖాళీ స్థలం. వట్లూరు చుట్టూ ప్లాట్లు వేసిన లేఔట్లలో ఇళ్ళు కట్టనివే ఎక్కువ. యజమాని హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు, స్థలం నిండా వయ్యారిభామ. గోడ దాటి ఏటా మీ దొడ్లోకి విత్తనం వస్తూనే ఉంటుంది. ఇక్కడ కోపంగా ఫోన్ చేస్తే పని చెడుతుంది. "బాబాయి గారూ, మీ స్థలంలో వయ్యారిభామ పూతకి రాబోతోందండీ. పిల్లలకి దద్దుర్లు వస్తున్నాయి. ఆదివారం మా వీధివాళ్ళం నలుగురం వెళ్ళి పీకేస్తాం, మీరు సరే అంటే చాలండీ" అని అడిగి చూడండి. ఇలా అడిగితే కాదనడం ఎవరికీ సులువు కాదు. చాలామంది కూలి డబ్బు తామే పంపుతామంటారు. పని చేసే నలుగురూ తొడుగులు, ముక్కుకు గుడ్డ మర్చిపోకండి. దేశమంతా ఏటా ఆగస్టు 16 నుంచి 22 దాకా వయ్యారిభామ అవగాహన వారం జరుపుతారు. ఆ వారం కోసం ఆగకుండా, తొలకరి తర్వాత మొక్కలు మోకాలెత్తుకు రాకముందే ఒకసారి పీకండి, మిగిలిపోయినవాటికి ఆగస్టులో రెండోసారి వెళ్ళండి. పీకిన చోట ఊరికే వదలకుండా, యజమాని ఒప్పుకుంటే గుప్పెడు గుప్పెడు జనుము గింజలు చల్లి రండి. దసరా నాటికి అక్కడ పసుపు పూలు విచ్చుతాయి, గోడ అవతల నుంచి విత్తనం రావడం ఆగుతుంది.